మూడు పిలుపులు

ఫిబ్రవరి పదకొండు, లక్నో. ఇవాళ్టి తొలి వింత: కోర్టు బంట్రోతు ఛుట్టన్ మియా, తన మీద భార్య వేసిన విడాకుల దావాకు తానే కేక వేయాల్సి వచ్చింది.

"కుద్సియా బేగం హాజిర్ హో!"

హాజిర్ అంటే ఎదుటికి రావడమని నేను కొత్తగా నేర్చుకున్నాను. ఆమె మాత్రం వరండాలోంచి కదల్లేదు. రెండో కేకకీ అంతే. మూడోదానికీ రాకపోతే దావా కొట్టేస్తారు.

ఆమె వకీలు దగ్గర జూనియర్ని కదా, వరండాలోకి పరుగెత్తాను. "వినపడలేదా అమ్మా?"

"వినపడింది బాబూ. ముప్పయ్యేళ్ళుగా 'ఏయ్, ఇదిగో' అనడమే. పేరు పెట్టి పిలిచింది ఇవాళే. ఇంకోసారి విననీ."

మూడో కేక వణికింది. ఆమె లేవలేదు. దావా కొట్టేశారు.

బయటికొచ్చిన మియాతో అంది: "రేపు పొద్దున మా పుట్టింటి గుమ్మంలో పిలవండి. వీధంతా వినాలి. మూడో కేకకు హాజరవుతా."