పదకొండింటి మబ్బు

“ఒరే లోకం, గీత మళ్ళీ పడిపోయిందిరా!”

హాల్లోంచి శివపార్వతి కేకేసింది. కొడుకు లోకనాథ్ అప్పుడే డాబా మెట్లు దిగి వస్తున్నాడు. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి పాత టీవీ ముందు నిలబడ్డాడు.

ఆ టీవీకి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరొకటి తగిలించి ఉంది. డాబా మీది సోలార్ ప్యానెళ్ళు ఏ వేళకి ఎంత కరెంటు ఇస్తున్నాయో గీత గీసి చూపించడం దాని పని. అది వచ్చాక శివపార్వతి సీరియళ్ళు మానేసి గీతే చూస్తోంది. పొద్దున్నించీ బుద్ధిగా ఎక్కుతున్న గీత పదకొండింటికి కాలుజారినట్టు కిందపడింది.

“మబ్బు పట్టిందేమో,” అన్నాడు లోకనాథ్.

“సింధనూరు ఎండల్లో మబ్బేంట్రా! ఆ పిల్ల సరిగ్గా బిగించలేదు. కొట్టుకి ఫోను చెయ్యి.”

ఆ మాట కోసమే అతను కాచుక్కూచున్నాడు. ఆ పిల్ల పేరు అంబుజ. చిక్కసూగూరు అమ్మాయి, ఆ ప్రాంతపు తెలుగుపిల్ల, సింధనూరులో సోలార్ కొట్టులో పని. ప్యానెళ్ళు బిగించిన రోజు నిచ్చెన మీంచి “జర ఆ పానా అందియ్యండి సార్” అని ఆమె చెయ్యి చాచింది మొదలు లోకనాథ్ మనసు మనసులో లేదు. మళ్ళీ రప్పించే దారి తోచక, రెండు మూడు రోజులకోసారి పదకొండింటికి డాబా ఎక్కి ప్యానెళ్ళ మీద దుప్పటి కప్పుతున్నాడు. ఆంధ్ర నుంచి కన్నడ సీమకి వలసొచ్చిన రైతుల క్యాంపులో ఇరవై ఎకరాల వరి పండించే మనిషికి ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదు మరి.

ఆ రోజూ స్కూటీ చప్పుడు వినగానే పరుగున వెళ్ళి దుప్పటి తీసేశాడు. అంబుజ వచ్చి, వైర్లన్నీ తడిమి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏంది సార్ గిది? అన్నీ మంచిగనే ఉన్నయి. మీ ఆంధ్రోళ్ళ క్యాంపుల మబ్బులు గూడ టైముకే వస్తయా?”

నవ్వింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“మా సేటు పరేషాన్ అయితున్నడు సార్. ఈ ఇంట్లకెల్లి ఇంకొక్క ఫోనొస్తే నౌక్రిలకెల్లి తీసేస్తనన్నడు.”

తన వేషాలు ఆమె కూటికే ఎసరు పెట్టాయి. లోకనాథ్ సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె వెళ్ళగానే శివపార్వతి మూతి తిప్పింది. “ఇంట్ల అంటది, క్యాంపుల అంటది, అదేం యాసో! మగరాయుడిలా నిచ్చెనలెక్కుద్ది. వేరే మనిషిని పంపమని చెప్పరా కొట్టుకి.”

“వద్దమ్మా. ఇంక గీత పడదులే.”

తల్లి చూస్తుండగానే దుప్పటి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇక ఆ అమ్మాయిని చూసే యోగం లేదనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

వారం గడిచింది. గీత రోజూ చక్కగా ఎక్కి చక్కగా దిగుతోంది. లోకనాథ్‌కే అన్నం సయించడం లేదు.

“ఏరా, అలా చిక్కిపోతున్నావేంటి?” అంది తల్లి.

“ఎండలమ్మా,” అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. శివపార్వతి చూపు కంచంలో మిగిలిన అన్నం మీంచి తాళమేసిన బీరువా మీదికి వెళ్ళింది.

మర్నాడు పొలంలో ఉండగా ఫోను మోగింది.

“ఒరే, గీత పడిపోయిందిరా! సగానికి సగం!”

“కొట్టుకి చేశావా అమ్మా?” హడలిపోయాడు లోకనాథ్.

“కొట్టుకెందుకూ? ఆ పిల్లకే తిన్నగా చేశా. బయల్దేరిందంట.”

తను కప్పలేదు. దుప్పటి బీరువాలోనే ఉంది. అంటే ఈసారి నిజంగానే ఏదో చెడింది. సేటు చెవిన పడితే అంబుజ ఉద్యోగం ఊడినట్టే. ఆమె వచ్చేలోగా తనే ఎలాగోలా బాగుచేసెయ్యాలని మోటార్‌సైకిలు మీద ఆదరాబాదరా ఇల్లు చేరి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

ప్యానెళ్ళ మీద అమ్మ పట్టుచీర పరిచి ఉంది.