రెండో ఇల్లు కదిలితేనే

పెళ్లీ పెటాకులూ లేకుండా ఒక్కడే ఉండే మా మరిదికి జీతంలేని కొలువొకటుంది. భూకంపాలు కనిపెట్టడానికి ఎక్కడెక్కడి జనాన్నో బతిమాలి, వాళ్ల ఇళ్లలో నేలకు ఓ చిన్న పెట్టె బిగించి తన కంప్యూటర్‌కు కలుపుతాడు. మొదటిది తన గదిలోనే పెట్టుకున్నాడు. నేల కదిలితే అతనికి తెలుస్తుంది. ఒక చేత్తో చప్పట్లు మోగవు కదా, ఒక్క ఇల్లే కదిలితే ఎవరో నడిచారని లెక్కలోంచి కొట్టేస్తాడు. రెండో ఇల్లూ కదిలితేనే నమ్ముతాడు.

మొహమాటానికి నేనూ ఒకటి మంచం పక్కన పెట్టించుకున్నాను.

ఆ రాత్రి ఫోన్ చేశాడు.

"వదినా, ఆ నడక కాస్త ఆపుతావా?"

"కాలికి కట్టుతో మంచమ్మీద పడున్నాను. మీ అన్నయ్య డ్యూటీలో ఉన్నారు. ఇంక నడిచేదెవరు?"

చెవులు రిక్కించాను. గదిలో చీమ చిటుక్కుమనలేదు.

"ఆ నడక పెట్టె దగ్గరికొస్తోంది," అన్నాడు మెల్లగా. కాసేపటికి, "ఆగింది."

దుప్పటి మెడదాకా లాక్కున్నాను. అతను నిట్టూర్చాడు.

"పోయింది వదినా. ఒక్క ఇల్లే కదా, కొట్టేస్తాను."

"కొట్టెయ్. నీకు పుణ్యముంటుంది."

కీబోర్డు టకటకలు వినిపించాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"ఇంకో ఇంట్లో కూడా చూపిస్తోంది."

"ఎవరింట్లో?"

అతని ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి వెనక, నింపాదిగా, అడుగుల చప్పుడు.