పూసలో లేనివాళ్ళం

మా ఆయన సన్యాసినాయుడు విశాఖ జట్టుకి ఐస్ హాకీ ఆడేవారు. మంచు మీద ఆయన ఎవరినైనా ఢీకొడితే గ్యాలరీ మొత్తం లేచి అరిచేది. ఇప్పుడు ఆయన చెవిలో చిన్న పూస ఉంటుంది. ఆయన మరిచిపోయినవన్నీ ఆయన పాత గొంతుతోనే గుర్తు చేస్తుంది. జట్టులో చేరే ప్రతివాళ్ళూ తలకి మొదటి దెబ్బ తగలకముందే తమ సంగతులన్నీ చెప్పి ఆ పూస నింపాలి. తర్వాత చెప్పేవి లీగు నమ్మదు. దెబ్బలు ఆపడం మానేసి వాళ్ళు కనిపెట్టిన భద్రత ఇది.

ఆయన పూస నింపింది మా పెళ్ళికి ముందు. అందుకే దానికి మా అత్తగారు తెలుసు, గాజువాక ఇల్లు తెలుసు, ఆయనకి వంకాయ పడదనీ తెలుసు. నేను తెలియను. రోజూ పొద్దున్నే కాఫీ ఇచ్చి నా పేరు చెప్పుకుంటాను.

ఇవాళ మా అమ్మాయి హారిక జట్టు జెర్సీ వేసుకుని తన పూస నింపుకుంటోంది. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. "ఇప్పటి హెల్మెట్లు వేరమ్మా," అంది. ఒకప్పుడు వాళ్ళ నాన్నా అదే అన్నారు.

నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను.

"మా అమ్మ పేరు గౌరి. ఎడమచేతి మీద కాలిన మచ్చ ఉంటుంది, చూసి గుర్తుపట్టు. పక్కన కూర్చునేది నాన్న. నువ్వెవరో ఆయనకి తెలీదు. ఏమీ అనుకోకు."

ఆయన నా వైపు వంగారు. "ఎవులండీ ఈ పాప? బాగా మాటాడతంది," అన్నారు. కాసేపు ఆ జెర్సీనే చూసి, గొంతు తగ్గించారు.

"ఆ ఆటకి మాత్రం ఎల్లనివ్వకండి. ఆళ్ళ నాన్నకి సెప్పి ఆపించండి."