ఎనిమిదో ఫొటో

"సంచీ తెరవండి" అంది లైబ్రేరియన్.

ముసలాయన తెరిచాడు. కళ్లజోడు, పెన్సిలు, లావుపాటి పుస్తకం.

ఆమెకు అనుమానం తీరలేదు. మూడు వారాలుగా వస్తున్నాడు. ఎప్పుడూ ఒకే పెట్టె అడుగుతాడు. సందర్శకుల పుస్తకంలో సంతకం గీకి, చిరునామా గడి ఖాళీగా వదిలేస్తాడు.

ఆ పెట్టె ఆమె ప్రాణం.

ఒకప్పుడు ఆమె కులంవాళ్లను ఈ లైబ్రరీ గడప తొక్కనిచ్చేవారు కాదు. మమ్మల్నీ చదువుకోనివ్వండని కొందరు ఇవే మెట్ల మీద బైఠాయించి, పోలీసు దెబ్బలు తిన్నారు. ఇల్లిల్లూ తిరిగి ఆనాటి కాగితాలు, ఫొటోలు అడిగి తెచ్చి, ఎవరైనా చూసేలా ఆమే పెట్టెలో చేర్చింది.

ఆ రోజు మొదటి మెట్టు మీద కూర్చున్నది వాళ్లమ్మ. ఫొటో లేదు కాబట్టి ఎవరూ నమ్మరు.

"దొరికిందా?" అని అమ్మ రోజూ అడుగుతూనే ఉంటుంది.

"రేపట్నుంచి మీరు రావద్దు" అంది లైబ్రేరియన్.

"ఒక్క రోజు రానివ్వమ్మా. కాస్త పని మిగిలిపోయింది."

"ఏం పని?"

ముసలాయన సంచీ మూసి భుజాన వేసుకున్నాడు.

"చేసింది చాల్లెండి."

ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. పీడ వదిలిందనుకుంది.

ఏమేం పోయాయో తేల్చుకుందామని పెట్టె ముందేసుకుంది. జాబితాలో ముప్పై ఒక్క ఫొటోలు. పెట్టెలో ముప్పై ఎనిమిది.

మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిదే.

వెళ్లేవాళ్ల సంచీలే చూస్తారిక్కడ. వచ్చేవాళ్లవి చూడాలని ఎవరికీ తోచలేదు.

కొత్తవి ఏడు. అవే మెట్లు, లాఠీలు. వెనక పెన్సిలుతో వరస అంకెలు, దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు. అన్నిట్లోనూ మొదటి మెట్టు మీది అమ్మాయి అటు తిరిగే ఉంది.

ఏడోదాని వెనక ఇలా ఉంది: "ఈ అమ్మాయి ముఖం ఎనిమిదో ఫొటోలో."

ఆమె వీధిలోకి పరిగెత్తింది. అటూ ఇటూ చూసింది. ఆయన లేడు. అమ్మకు ఏం చెప్పాలో తెలియక కళ్లనీళ్లు తిరిగాయి.

తిరిగొచ్చి ఆ ఫొటోను మళ్లీ చేతిలోకి తీసుకుంది. మూలన వెలిసిపోయిన రబ్బరు ముద్ర: "పోలీసు శాఖ. తగలబెట్టవలెను."

ముద్ర కింద ఫొటో తీసిన కానిస్టేబుల్ సంతకం ఉంది. సందర్శకుల పుస్తకంలో మూడు వారాలుగా రోజూ పడుతున్న సంతకమే అది.