పైవాటాలో పిల్ల

మెట్ల మీద దొరికిన మేజోడు ఇంటాయన ఎవరిస్తో బొటనవేలంత ఉంది. పైవాటా వాళ్ళు పిల్లని దాచిపెట్టారన్న అనుమానం అతనికి అప్పుడే వచ్చింది.

అమెరికాలోని ఫాల్ రివర్ ఊళ్ళో ఆ పాత చెక్క ఇల్లు ఎవరిస్తోది. కింద తనూ, భార్య ఫిలొమేనా ఉంటారు. పైన, చేపల ఫ్యాక్టరీలో పనిచేసే దువార్తే, అతని భార్య నతాలియా. అద్దెకి దిగేటప్పుడు పిల్లల్లేరనే చెప్పారు.

ఆ ఇంటి గోడలకీ కిటికీలకీ ఎవరి హయాంలోనో వేసిన సీసం రంగు పెచ్చులూడుతోంది. ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఇంటాయన దాన్ని తీయించి తీరాలని చట్టం. ఆ బెడద లేకుండా ఎవరిస్తో పిల్లలున్నవాళ్ళకి ఇల్లివ్వడమే మానేశాడు. అలా కాదనడమూ నేరమే కాబట్టి, చంకలో బిడ్డతో ఎవరైనా వస్తే పైవాటాలో దయ్యం ఉందని చెప్పి పంపేసేవాడు.

“ఆ పెచ్చులు తియ్యగా ఉంటాయట. పిల్లలు నోట్లో పెట్టుకుంటే బుర్ర ఎదగదట,” అంది ఫిలొమేనా.

“ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. నాకేమైంది?”

“నేననేదీ అదే.”

ఆ సాయంత్రం పైనుంచి బుడిబుడి అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరిస్తో గబగబా మెట్లెక్కి తలుపు కొట్టాడు.

“ఆ చప్పుడు దువార్తేదండీ,” అంది నతాలియా గుమ్మానికి అడ్డంగా నిలబడి. “ఫాతిమా మాతకి మొక్కుకున్నాడు. మోకాళ్ళ మీద నడుస్తున్నాడు.”

“ఇంట్లోనా?”

“బయట చలి కదండీ.”

మొక్కుకి అడ్డం పడకూడదని దిగిపోబోయాడు. వెనక్కి తిరిగాడో లేదో, లోపల్నుంచి “అమ్మా” అని సన్నగా ఏడుపు వినిపించింది.

“అదేంటి?”

“పిల్లి.”

“పిల్లి అమ్మా అంటుందా?”

“మా అసోర్స్ దీవుల పిల్లులు అలాగే అంటాయండీ.”

“నేనూ అసోర్స్‌లోనే పుట్టానమ్మాయ్. సావ్ మిగెల్ దీవి. నాకు చెప్పకు.”

“ఇది పీకో దీవి పిల్లి,” అంది నతాలియా తడుముకోకుండా.

పీకో మీద సావ్ మిగెల్ వాళ్ళకి ఎప్పుడూ చిన్నచూపే. అక్కడి పిల్లులు అంత పని చేసినా చేస్తాయనుకుంటూ దిగిపోయాడు. కింద మెట్టు మీద కాలు పెట్టేసరికి మళ్ళీ ఒళ్ళు మండింది.

మర్నాడు కుళాయి చూడాలని వంక పెట్టి వంటింట్లోకి చొరబడ్డాడు. బల్ల పక్కన చంటిపిల్లలు కూర్చుని తినే ఎత్తు కుర్చీ ఉంది. ఏం చెబుతారో చూద్దామని దానికేసి వేలు చూపించాడు.

“నాదే,” అన్నాడు దువార్తే. ఆరడుగుల మనిషి. “నడుంనొప్పికి మంచిదన్నారు.”

“ఏదీ, కూర్చో.”

దువార్తే కూర్చున్నాడు. తర్వాత లేవలేకపోయాడు. ఎవరిస్తో చేతులు పట్టుకుని, నతాలియా కుర్చీ పట్టుకుని లాగితే, ముగ్గురూ కలిసి నేల మీద పడ్డారు. కిటికీ గూటిలోంచి రంగు పెచ్చులు ఎవరిస్తో నెత్తిన రాలాయి.

బట్టలు దులుపుకుంటూ తిన్నగా వకీలు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అతని పినతల్లి కూతురే.

“పిల్ల ఉందని ఖాళీ చేయిస్తే నువ్వే ఇరుక్కుంటావన్నయ్యా. ఉందని తెలిసీ ఊరుకుంటే ఇంకా లోతుగా ఇరుక్కుంటావు. నీకు తెలుసా?”

“తెలీదు.”

“మరి నన్నెందుకు అడుగుతున్నావు?”

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. నెత్తిన పడ్డ పెచ్చులే గుర్తొస్తున్నాయి. మొహం ఎరగని పిల్ల, పాపం, ఆ గూటి దగ్గర కూర్చుని వాటిని ఏరుకు తింటున్నట్టే ఉంది.

ఇంటికి మెరుగులు దిద్దిస్తున్నానని పైవాళ్ళకి అబద్ధం చెప్పి, సీసం రంగు తీసే లైసెన్సున్న పనివాళ్ళని పిలిపించాడు. దుమ్ము లేస్తుంది కాబట్టి పని పూర్తయ్యేదాకా ఎవరూ ఉండకూడదన్నారు వాళ్ళు. దువార్తే దంపతులు నతాలియా మేనత్త ఇంటికి బయల్దేరారు. దువార్తే ఒక పెద్ద పెట్టెని రెండు చేతులతో పొదివి పట్టుకుని, ఏదో బుజ్జగిస్తూ మెట్లు దిగాడు.

ఎవరిస్తో కిటికీలోంచి చూస్తూ ఉండబట్టలేకపోయాడు. “దానికి గాలి ఆడుతోందా?”

“పెట్టెకాండీ?”

“దేనికైతేనేం, ఆడుతోందా?”

“ఆడుతోందండీ,” అన్నాడు దువార్తే తల దించుకుని.

పాత కిటికీలు పోయి కొత్తవి వచ్చాయి. గోడల మీది రంగంతా ఊడింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, గచ్చు మీది దుమ్ము కూడా పరీక్ష చేయించి, ఇక భయం లేదన్నాడు. ఈలోగా ఎవరిస్తో బజారుకి వెళ్ళి చెక్క గిలక్కాయ ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని ఫిలొమేనాకి కూడా చూపించలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు గిలక్కాయ జేబులో పెట్టుకుని, ఫిలొమేనా చేసిన తీపి రొట్టె పట్టుకుని పైకి వెళ్ళాడు. నతాలియా ఇంకా కోటు కూడా తీయలేదు.

“నాకు మొదట్నుంచీ తెలుసు,” అన్నాడు కుర్చీలో కూలబడుతూ. “మొక్కుల కథలూ పిల్లి కథలూ ఇక కట్టిపెట్టండి. ఈ ఇంట్లో ఇప్పుడు సీసం లేదు. మిమ్మల్ని పొమ్మనేవాళ్ళూ లేరు. ఆ పిల్లని బయటికి రానివ్వండి, ఒకసారి చూసి పోతాను.”

దువార్తే మూత తీసి చూపించిన పెట్టెలో బట్టలే ఉన్నాయి.

నతాలియా కోటు గుండీలు విప్పి, అప్పుడప్పుడే గుండ్రపడుతున్న పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “ఏప్రిల్‌లో వస్తుందండీ. పుట్టనివాళ్ళు చట్టం లెక్కలోకి రారన్నారు, అందుకని కాస్త ముందుగానే దాచిపెట్టాం.”