గీత దగ్గరి బొమ్మ

ఆ ఉదయం కొండల మీద మబ్బు ఎనుముల మందలా దిగి, కురవకుండా కూర్చుంది.

మధ్యాహ్నానికి లేచి ఒక్క జల్లు కొట్టింది. ఆ జల్లులోనే నాన్ నది మీద చివరి పందెం నడిచింది.

రెండు పొడుగు పడవలు. ఒకటి తాలో ఊరిది, ఒకటి నాపాంగ్ ఊరిది. గెలుపు గీత దగ్గరికి రెండూ ఒక్కటై వచ్చాయి.

"ఎవరిది? ఎవరిది?" ఒడ్డు ఒడ్డంతా అరిచింది.

"కెమెరా చెబుతుంది, ఆగండి!" అన్నాడు మైకు పట్టుకున్న పెద్దమనిషి.

కెమెరా తీసిన బొమ్మ పందిట్లో ఉన్న పాత కంప్యూటర్లోకి చేరింది. సరిగ్గా అప్పుడే జనరేటర్ దగ్గింది. తెర నల్లబడింది.

కంప్యూటర్ ముందు కూర్చున్న టౌను బడి టీచరు కన్నికా మళ్లీ మీట నొక్కింది.

తెర మీద తెల్ల అక్షరాలు. డిస్కు కోసం వెతుకుతున్నానంటోంది. వెతుకుతూనే ఉంది.

"పొద్దున్నించీ ఇదే వరస," అంది కన్నికా. "ఇది లేచేలోగా నేను అన్నం తినేశాను. ముసలిది కదా, ఒళ్లు విరుచుకుంటోందిలే అనుకున్నా."

ఈసారి వెతికి వెతికి, డిస్కే లేదు పొమ్మంది.

తాలో పడవకి వెనక తెడ్డు పట్టే ఇన్‌తా తాత పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయాడు.

పందెం కట్టుబాటు అందరికీ తెలుసు. పొద్దు గూకేలోగా తేలకపోతే కప్పు నిరుడు గెలిచినవాళ్లకే. నిరుడు గెలిచింది నాపాంగ్.

తాత పుట్టి బుద్ధెరిగాక తాలో ఒక్కసారీ గెలవలేదు. వచ్చే ఏటికి ఆయన చేతులు తెడ్డు ఎత్తవు.

తాలో వంటమనిషి బువా పడవ ముక్కుకి కట్టగా మిగిలిన బంతిపూల దండ తెచ్చి కంప్యూటర్‌కి చుట్టింది.

"పడవలో అమ్మవారుంటే దీన్లో ఉండదా ఏంటి? మొక్కండర్రా!"

"అమ్మవారు ఉంది పెద్దమ్మా. దారే తెగింది," అంటూ కన్నికా మూత విప్పి డిస్కు మీద అరచెయ్యి ఆనించింది. "తిరుగుతోంది. ప్రాణం ఉంది. కబురే బయటికి చేరట్లేదు. ఇదుగో, ఈ వైరు పోయింది. పొద్దున్న ఆలస్యం కూడా దీనివల్లే. నేనే పోల్చుకోలేదు."

"ఇంకోటి తగిలించు మరి!"

"టౌన్లో కొట్లన్నీ పండక్కి మూసేశారు."

పందిరి చుట్టూ కట్టిన తాడు అవతల నుంచి ఎవరో మెడ చాపారు.

"ఆ వైరు ఎలా ఉంటుంది, టీచరమ్మా?"

బక్కపల్చని మనిషి. భుజాల చుట్టూ తువ్వాలు. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నాయి.

కన్నికా ఎర్రటి వైరు ఎత్తి చూపించింది.

"మా పాటల బండి కంప్యూటర్లో ఉంటుందా అది?"

"ఉంటుంది. ఏ ఊరు మీది?"

"నాపాంగ్."

చుట్టూ ఉన్నవాళ్లు ఊళ పెట్టారు. అతను పట్టించుకోలేదు. పరుగెత్తాడు.

కాసేపటికి దూరంగా నాపాంగ్ వాళ్ల బండిలో పాట చరణం మధ్యలో టక్కున ఆగిపోయింది.

"పాపం, నాపాంగ్ గొంతు అప్పుడే పూడుకుపోయింది!" తాలో కుర్రాళ్లు పడీపడీ నవ్వారు.

అతను రొప్పుతూ వచ్చాడు. చేతిలో ఎర్ర వైరు. వేలు చీరుకుని నెత్తురు వస్తోంది.

బువా అడ్డం నిలబడింది.

"ఓహో, పాటల బండివాడివా? ఏ పాడు వైరు తెచ్చావురా? టీచరమ్మా, ఇది పెట్టకు. ఉన్న బొమ్మ కూడా ఊడ్చుకుపోతుంది."

"పెట్టి చూడండి," అన్నాడతను.

"తేలకపోతే కప్పు మీదే కదా! నీకెందుకురా ఇంత ఆరాటం?"

"తేలాలి కదా పెద్దమ్మా."

"తేలితే మా మొహాన ఈలలేద్దామని! నడు, తాడు అవతల నిలబడు."

అతను వెళ్లి తాడు అవతల నిలబడ్డాడు.

పొద్దు కొండ నెత్తిన ఆనింది.

కన్నికా వైరు తగిలించింది. మీట నొక్కింది. తెల్ల అక్షరాలు వచ్చాయి. రెప్ప వేసేలోగా పోయాయి.

"దొరికింది!"

పందిరి గుంజలు ఊగేలా జనం తోసుకొచ్చారు.

బొమ్మ వచ్చింది. తుంపర, గీత, రెండు పడవల ముక్కులు. ఒక ముక్కు అరచెయ్యంత ముందు.

"తాలో!"

డప్పులు లేచాయి. బువా గరిటె గాల్లోకి విసిరింది. ఇన్‌తా తాతని భుజాల మీదికి ఎత్తేశారు.

"దించండ్రా, పడేస్తారు! ఒరే, కప్పు అందుకోకుండానే చంపేస్తార్రా!" నవ్వుతూ ఏడ్చాడు తాత.

కన్నికా తాడు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"వైరు ఇవ్వాలి కదా, ఆ మనిషేడీ?"

"బండివాడికి వైర్లకేం కొదవ? పోనీలే," అంది బువా.

పందిట్లోనే చాపలు పరిచారు. బుట్టల్లో జిగురు అన్నం, సన్నగా కొట్టి కారం కలిపిన మాంసం లాబ్, కాల్చిన చేపలు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"టీచరమ్మా, ఆ బొమ్మ ఇంకోసారి," అన్నాడు తాత. "పెద్దది చెయ్యి. నా పడవని తనివితీరా చూడనీ."

కన్నికా పెద్దది చేసింది.

ఇందాక అందరూ ముక్కులే చూశారు. ఇప్పుడు మనుషులు కనిపించారు. తాలో పడవలో వంచిన తలలు, ముంచిన తెడ్లు. నాపాంగ్ పడవలోనూ అంతే.

నాపాంగ్ పడవలో అందరికన్నా ముందు కూర్చున్నవాడి తల ఒక్కటే పక్కకి తిరిగి ఉంది. తమ కన్నా అరచెయ్యంత ముందుకి పోయిన తాలో ముక్కునే చూస్తున్నాడు.

బక్కపల్చని మనిషి.

"వీడు పాటల బండివాడు కాదే..." అంది బువా.

తాత అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు తెర వైపే చూశాడు. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

అందరూ తలలు వంచుకుని తిన్నారు. బొమ్మ రాకముందే తన పడవ ఓడిపోయిందని తెలిసిన ఒకే ఒక్క మనిషి, వేలు కోసుకుని ఆ వైరు పీక్కొచ్చాడు.