ఎడమ చివర గొడుగు

"ఇంట్లో గోడంత టీవీ ఉంది కదమ్మా. కాళ్ళు బారజాపుకుని చూడొచ్చు" అన్నాడు కొడుకు మూడోసారి.

"టీవీలో మీ నాన్న లేరు" అంది అమ్మ చెప్పులు వేసుకుంటూ.

 అతను బండి తాళాలు తీసుకున్నాడు.

థియేటర్ వాళ్ళు ఎక్కడెక్కడి పాత రీళ్ళో వెతికి తెచ్చి, దులిపి, రోజుకొకటి మ్యాట్నీ వేస్తున్నారు. పేపర్లో ఆ సినిమా పేరు చూసిన దగ్గర్నుంచి అమ్మను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. తలనొప్పి అన్నాడు, ఎండ అన్నాడు, ఆఫీసు అన్నాడు. ఆవిడ వింటేగా.

నాన్న దర్జీ. పెళ్ళైన కొత్తలో ఒక సినిమా వాళ్ళు దుస్తులు కుట్టడానికి ఆయన్ని తీసుకెళ్ళారు. రైల్వే ప్లాట్‌ఫాం మీద వాన సీను. గొడుగు పట్టుకోవాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. సూదీ దారం పక్కన పెట్టించి నాన్నను నిలబెట్టారు. కుడి చివర హీరో మాట్లాడుతుంటాడు. ఎడమ చివర గొడుగుతో నాన్న. అంతే.

ఆ 'అంతే'ని ఆయన ఇరవై రెండేళ్ళు చెప్పాడు. మెడ చుట్టుకొలత తీస్తూ చెప్పేవాడు, పాపం అవతలివాడు పారిపోవడానికి కూడా ఉండేది కాదు. వీధిలో ఆయన పేరే 'హీరోగారు' అయిపోయింది. సినిమా ఆడింది మాత్రం వారమే. అప్పుడు అమ్మకు నెలలు నిండాయి, మంచం దిగొద్దన్నారు డాక్టరు. కళ్ళారా చూసిన సాక్షి ఒక్కరూ లేరు.

కొడుక్కి ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆ సినిమా టీవీలో వేస్తున్నారని తెలిసింది. నాన్న పది రోజుల ముందే వీధి వీధంతా పిలిచేశాడు. ఆదివారం వచ్చేసరికి ఇరుగుపొరుగు ఇళ్ళ కుర్చీలన్నీ వాళ్ళ హాల్లోనే ఉన్నాయి. తీరా సీను దగ్గర పడేసరికి, అందరికీ మంచినీళ్ళు తెస్తానని నాన్న లోపలికి వెళ్ళాడు.

వాన పడింది. హీరో మాట్లాడాడు. గొడుగు లేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "హీరోగారు రైలెక్కేశారా ఏంటండీ?" అన్నాడు ఎదురింటాయన. హాలంతా ఘొల్లుమంది.

నాన్న గ్లాసుల పళ్ళెంతో వచ్చి తనూ నవ్వాడు. "ఏదో సరదాకి చెప్పేవాణ్ణి లెండి. మీరు నిజమనుకున్నారా?"

కొడుకు అక్కడే, తలుపు పక్కనే ఉన్నాడు. నాన్న ఇన్నాళ్ళూ చెప్పింది నిజమని అతనికి తెలుసు. అప్పటి టీవీ దాదాపు చదరం, సినిమా తెరేమో బాగా వెడల్పు. ఇందులో అది పట్టదు కాబట్టి ఒక పక్క తీసేసి వేస్తారు, గొడుగు అలా పోయింది అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అతను అనలేదు. ఇరవై మూడేళ్ళుగా అది లోపల ముల్లులా ఉంది.

ఆ తర్వాత నాన్న కొలతలు తీశాడు గాని కథ చెప్పలేదు. ఇంకో అలవాటైతే ఆ ఆదివారానికి ముందు వారమే మానేశాడు. అంతకుముందు రోజూ మధ్యాహ్నం కొడుకు ఆఫీసుకు వచ్చి, మూడంతస్తులు ఎక్కి, క్యారియర్ చేతికిచ్చి వెళ్ళేవాడు. ఇక కింద వాచ్‌మన్‌కి ఇచ్చేసి వెళ్ళిపోయేవాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. కొడుకు నమ్మాడు. నమ్మితే పని తేలిక.

నాన్న పోయి నాలుగేళ్ళయింది.

థియేటర్లో ముప్పై మంది కూడా లేరు. ఆ సీను ఎన్నో నిమిషంలో వస్తుందో కొడుక్కి ఎవరూ చెప్పక్కర్లేదు.  ఇవాళ అమ్మకు చెప్పెయ్యాలి, ఏమైతే అదవుతుంది అనుకున్నాడు.

వాన మొదలైంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వాన. రేకుల మీద పడే చప్పుడు వెనక సీట్ల దాకా వచ్చింది. కుడి చివర హీరో. ఎడమ చివర నాన్న, రెండు నిలువుల ఎత్తున. ఇప్పటి కొడుకు కంటే చాలా చిన్నవాడు. కాళ్ళ దగ్గరున్న హీరో పెట్టె మీద గొడుగు పట్టి, తను తడుస్తున్నాడు.

 అమ్మ మెల్లగా అతని చెయ్యి గిల్లింది.

"చొక్కాకి రెండో గుండీ లేదు చూడు. ఊరందరికీ కుట్టిన మనిషి."

నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కొడుకు తెర వైపు చూడలేక తల దించుకున్నాడు.

సినిమా అయిపోయింది. దీపాలు వెలిగాయి. జనం లేచి వెళ్తున్నారు. వీళ్ళిద్దరూ లేవలేదు.

"అమ్మా, ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే నాన్నకి ఆ అవమానం తప్పేది."

"నీకు ఆ అవసరం రాకూడదనేరా, ఆయనే ముందు నవ్వేశారు" అంది అమ్మ కళ్ళజోడు పెట్టుకుంటూ. "ఆ వారం మీ టీవీ ఆఫీసులో కూర్చుని నువ్వు హీరోని ఉంచి గొడుగు మనిషిని తీసేస్తుంటే, ఆయన క్యారియర్ పట్టుకుని నీ వెనకే గుమ్మంలో నిలబడి చూశారట."